మూడు కాగితాలు – ఒక్క కాలేయం

తెలుగు పరీక్ష రాసిన వారందరికీ ‘సందర్భసహిత వ్యాఖ్య’ అనే ప్రశ్న జ్ఞాపకం వుండే వుంటుంది. కావ్యంలోంచి ఒక వాక్యం యిస్తారు. దానికి అర్థం రాసి వూరుకుంటే సగం మార్కులే. ఆ మాట ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, ఎప్పుడు, ఏ పరిస్థితిలో అన్నారు – అది ముందు చెప్పాలి. అర్థం ఆ తరవాత. ఇరవై యేళ్ళుగా కాలేజీలో నేను యీ ప్రశ్న యిస్తున్నాను, దిద్దుతున్నాను. సందర్భం రాసే పిల్లలు పదిమందిలో ముగ్గురుంటే గొప్ప. తక్కినవారు తిన్నగా అర్థం మీదికి దూకుతారు.

పిల్లలను అని లాభం లేదు. ఆస్పత్రినుంచి రిపోర్టు రాగానే పెద్దవాళ్ళం మనం చేసే పనీ అదే. కవరు విప్పుతాం. ఇంగ్లీషు అక్షరాల మధ్య లావుగా, నల్లగా అచ్చయిన ముక్క ఎక్కడ వుందా అని వెతుకుతాం. అది మంచి ముక్క అయితే దేవుడికి దణ్ణం. చెడ్డ ముక్క అయితే ఆ పూట యింట్లో పొయ్యి వెలగదు. రిపోర్టు అడుగున చిన్న అక్షరాలతో ఎప్పుడూ ఒక పంక్తి వుంటుంది. ‘రోగి పరిస్థితితో కలిపి చూచుకోవలెను’ అని దాని తాత్పర్యం. సందర్భసహితంగా చదవండి బాబూ అని ఆ స్కానింగు డాక్టరు మొత్తుకుంటున్నాడన్నమాట. ఆ పంక్తి చదివినవారిని నేనింతవరకు చూడలేదు.

తక్కిన జబ్బుల మాట ఎలా వున్నా, తాగుడు మానిన మనిషి కాలేయానికి తీసిన స్కానింగుల విషయంలో యీ సందర్భం వదిలేస్తే చిక్కు వస్తుంది. కాగితాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అవి పోట్లాడుకుంటే ఫరవాలేదు. వాటిని చేతిలో పట్టుకుని యింట్లోవాళ్ళు పోట్లాడుకుంటారు.

మా వీధిలో ఒక కుటుంబం వుంది. పేర్లతో పనిలేదు. ఆయనకు 46 యేళ్ళు. ఆఫీసులో మంచి పేరున్నవాడు. సాయంకాలం అయ్యేసరికి మాత్రం సీసా వుండాలి. పదిహేడేళ్ళ అలవాటు. మొన్న ఆషాఢంలో ఆకలి చచ్చిపోయి, కళ్ళు పచ్చబడితే భయపడి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. ఆ డాక్టరు ఆయనను ఆస్పత్రిలో పడుకోబెట్టి మానిపించాడు. అది మంచి పని. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగినవారు యింట్లో కూర్చుని ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు, మూడు నాలుగు రోజుల్లో మతి భ్రమించవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. మానడం మంచిదే, మానే విధం డాక్టరుకు వదిలెయ్యాలి.

మానిన అయిదో రోజున గుంటూరులో స్కానింగు చేశారు. కాలేయం పెరిగింది, రెండో తరగతి కొవ్వు పట్టింది అని అల్ట్రాసౌండు. కాలేయం గట్టితనం 16.4 కిలోపాస్కళ్ళు అని ఫైబ్రోస్కాన్. ఆ అంకె పక్కనే ‘ఎఫ్ 4’ అని వుంది. కాలేజీలో చదువుతున్న కూతురు ఫోనులో చూసి, ఎఫ్ 4 అంటే సిరోసిస్ అని చెప్పి, ఏడుస్తూ గదిలోకి వెళ్ళిపోయింది.

శ్రావణంలో పెళ్ళికని విజయవాడ వెళ్ళినప్పుడు బావగారు పట్టుపట్టి అక్కడ మళ్ళీ అల్ట్రాసౌండు తీయించాడు. అప్పటికి మానేసి ఆరు వారాలు. కాలేయం సైజు మామూలే, కొవ్వు లేదు, కాని ‘గరుకుగా వుంది’ అని రాశారు. దసరా సెలవుల్లో హైదరాబాదులో తమ్ముడి యింటికి వెళ్ళినప్పుడు మూడోది. ఫైబ్రోస్కాన్‌లో గట్టితనం 8.9. ఎఫ్ 4 లేదు, ‘ఎఫ్ 1 – ఎఫ్ 2’ అని వుంది. కాని విజయవాడలో లేదన్న కొవ్వు యిక్కడ కొంచెం వున్నదట. ఆ అంకె 262.

మూడు వూళ్ళు, మూడు కాగితాలు. ఆయన తల్లి ఏడుకొండలవాడికి మొక్కు చెల్లించడానికి రోజు చూసుకుంది. బావగారు గుంటూరు యంత్రం చెడిపోయి వుంటుందని తేల్చేశాడు. ఆయన మాత్రం కుర్చీలో వెనక్కు వాలి, ‘అయితే నాకు అసలు ఏమీ లేదన్నమాట’ అన్నాడు.

ఆ ‘అన్నమాట’ ఆయన భార్య చెవికి ఎలా వినిపించిందో నాకు తెలుసు. మర్నాడు ఆవిడ మా యింటికి వచ్చి కాగితాలు బల్ల మీద పెట్టింది. ‘అన్నయ్యగారూ, మీరు చదువుకున్నవారు. వీటిలో ఏది నిజం?’ అని అడిగింది. కాసేపు ఆగి, మెల్లిగా, ‘మొదటిదే నిజమైతే బాగుండునని నాకు లోపల వుంది. ఆ కాగితం చూసే కదా ఆయన మూడు నెలలు ముట్టుకోకుండా వున్నారు! కట్టుకున్నవాడికి రోగం వుండాలని కోరుకోవడం పాపం కదూ?’ అన్నది.

నేను చదివిన చదువు దీనికి చాలదు. అందుచేత వారిద్దరితో కలిసి కాలేయ వైద్యుడొకాయన దగ్గరకు వెళ్ళాను. పెద్దవాడు, మాటకారి. అక్కడ విన్నదానికి, తరవాత నేను చదివి తెలుసుకున్నది కలిపి యిక్కడ రాస్తున్నాను.

అన్నట్టు, యీ అవయవానికి మనకు పేర్లకు కరువు లేదు. పుస్తకాల్లో యకృత్తు, బడిలో కాలేయం, మాంసం కొట్టు దగ్గర కార్జం. సంస్కృతంలోని ‘యకృత్’, లాటిను ‘జెకుర్’, పారసీక ‘జిగర్’ ఒకే వేరునుంచి పుట్టిన మాటలు. హైదరాబాదులో దోస్తును ‘జిగరీ’ అని పిలిచేవాడు కాలేయం పేరు చెప్పి పిలుస్తున్నాడన్నమాట. ఇంత చుట్టరికం వున్న అవయవం కాస్త దెబ్బ తగిలినా నోరెత్తదు. నెప్పి పుట్టదు. అందుకే బయటినుంచి దాని మనసులో మాట పట్టుకోవడానికి వైద్యులు యిన్ని తంటాలు పడ్డారు.

మొదటి తంటా వేళ్ళతో. 1761లో వియన్నాలో ఔవెన్‌బ్రుగ్గర్ అనే వైద్యుడు, రోగి రొమ్ము మీద వేళ్ళతో తట్టి ఆ చప్పుడునుబట్టి లోపలి సంగతి చెప్పవచ్చునని పుస్తకం రాశాడు. ఆయన తండ్రికి పూటకూళ్ళ యిల్లు వుండేది. పీపాను తట్టి ద్రాక్షసారా ఎంతవరకు వుందో కనిపెట్టడం చిన్నప్పుడు అక్కడ చూసే ఆయనకీ వూహ తట్టిందని చెబుతారు. కాలేయం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూడడానికి డాక్టర్లు యివాళ్టికీ అలాగే తడతారు. పీపాలో సారా కొలిచిన విద్యే, ఆ సారా పోసుకున్న కడుపును కొలవడానికి వచ్చింది. వేలితో నొక్కి చూడడం యింకో పద్ధతి. పెదవిలా మెత్తగా వుందా, ముక్కుకొనలా బిగువుగా వుందా, నుదురులా రాయిగా వుందా అని వైద్యవిద్యార్థులకు నేర్పుతారు.

తరవాత సూది వచ్చింది. 1958లో ఇటలీలో మెంఘినీ అనే వైద్యుడు ఒక్క సెకనులో కాలేయపు ముక్క తీసే పద్ధతి చెప్పాడు. ఆ ముక్కను భూతద్దం కింద పెడితే మచ్చలు కంటికి కనబడతాయి. చాలాకాలం అదే ఆఖరి మాట. కాని ఆ ముక్క మొత్తం కాలేయంలో సుమారు యాభైవేలవ వంతు. అన్నం వుడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టి చూడవచ్చు. మెతుకు మెతుక్కీ తేడా వుండే కుండలో ఆ లెక్క చెల్లదు. పైగా సూది గుచ్చడమంటే కొంచెమో గొప్పో రక్తం కారే భయం. నెలనెలా చేసే పరీక్ష కాదు.

2003 ప్రాంతంలో పారిస్‌లో ఫైబ్రోస్కాన్ వచ్చింది. దీని పని చూస్తే ఔవెన్‌బ్రుగ్గర్ గుర్తుకు వస్తాడు. కుడి పక్కటెముకల సందున ఒక కడ్డీ ఆనించి ‘టక్’మని తడుతుంది. ఆ తట్టుకు కాలేయంలో ఒక అల పుడుతుంది. మెత్తటి కాలేయంలో ఆ అల నెమ్మదిగా పోతుంది, గట్టిపడిన కాలేయంలో జోరుగా పోతుంది. ఆ వేగాన్ని ధ్వనితరంగాలతో పట్టుకుని గట్టితనంగా మారుస్తుంది. 5 కిలోపాస్కళ్ళ మెత్తటి కాలేయంలో అల సెకనుకు 1.3 మీటర్ల చొప్పున నడిస్తే, మన ఆషాఢమాసపు 16.4లో 2.3 మీటర్లు పరుగెత్తిందన్నమాట. పదిసార్లు తట్టి, ఆ పది అంకెల్లో నడిమిదాన్ని రాస్తారు. అంకెల మధ్య ఎడం మరీ ఎక్కువగా వుంటే ఆ పరీక్షను నమ్మరు. కొన్ని రకాల యంత్రాలు కిలోపాస్కళ్ళ బదులు వేగాన్నే రాసి వూరుకుంటాయి. ‘అక్కడ 9, యిక్కడ 2 కూడా లేదు’ అని సంబరపడేవారు ఆ పక్కన రాసిన కొలమానం చూసుకోవాలి. ఒక కంపెనీ యంత్రం అంకెను మరో కంపెనీ యంత్రం అంకెతో నేరుగా సరిచూడడం కూడా కుదరదు.

ఇక్కడ అసలు మెలిక. యంత్రం కొలిచేది గట్టితనాన్ని. మనకు కావలసింది మచ్చల సంగతి. మచ్చలు కడితే కాలేయం గట్టిపడుతుంది, నిజమే. కాని గట్టిపడిన ప్రతి కాలేయంలోనూ అంత మచ్చ వుండాలని లేదు. తాగుడువల్ల కాలేయం వాచి మంట పట్టి వుంటే గట్టిగా వుంటుంది. పైత్యరసం దారి మూసుకుపోయినా, గుండె బలహీనమై రక్తం వెనక్కు నిలిచినా గట్టిగా వుంటుంది. కడుపునిండా తిని వెళ్ళినా కాసేపు అంకె పెరుగుతుంది. అందుకే కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు. వాపును చూసి బలుపనుకోవడం అని మనకు సామెత వుంది కదా. మన గుంటూరు కాగితం విషయంలో వాపును చూసి మచ్చ అనుకున్నారు.

డాక్టరుగారు ఆ మూడు కాగితాలూ పరచుకుని మొదట అంకెలు చూడలేదు. తేదీలు చూశాడు. ‘ఆఖరుసారి తాగింది ఎప్పుడు?’ అని ఆయన్ను అడిగి, ఒక్కొక్క కాగితం మీద పెన్సిలుతో ‘5 రోజులు’, ‘6 వారాలు’, ‘3 నెలలు’ అని రాసుకున్నాడు. నాకు ముచ్చట వేసింది. నా విద్యార్థి అయివుంటే పూర్తి మార్కులు వేసేవాణ్ణి.

‘గుంటూరు యంత్రం చెడిపోలేదు. ఆ రోజున మీ కాలేయం అంత గట్టిగానే వుంది’ అన్నాడాయన. ‘ఆ రోజు రక్తపరీక్ష చూడండి. ఏఎస్‌టీ 96, ఏఎల్‌టీ 44. కామెర్లు కూడా వున్నాయి. వాచి మండుతున్న కాలేయం అది. 2010లో జర్మనీలో హైడెల్‌బర్గ్ డాక్టర్లు తాగుడు మానిపించడానికి చేర్చుకున్నవారిని పరీక్షించారు. మానిన కొద్ది రోజుల్లోనే ఎక్కువమందిలో యీ అంకె తగ్గడం మొదలుపెట్టింది. అందుకే ఐరోపా కాలేయ వైద్యుల సంఘం 2021లో, ఎంజైములు బాగా పెరిగి వున్నప్పుడు అంకె ఎక్కువ వస్తే, కనీసం వారం రోజులు తాగకుండా వుంచి మళ్ళీ కొలవమని చెప్పింది.’

ఆ పక్కన రాసిన ఎఫ్ 4 సంగతి యింకా తమాషాగా వుంది. అది యంత్రం చూసి చెప్పిన మాట కాదు, ఒక పట్టికతో సరిపెట్టిన మాట. ఆ పట్టికలు జబ్బునుబట్టి మారతాయి. హెపటైటిస్ సి రోగులకు వేసిన పేరుపడ్డ పట్టికలో 12.5 దాటితే సిరోసిస్ అన్నారు. తాగుడువల్ల చెడిన కాలేయాల మీద పరిశోధనలన్నీ కూడి 2018లో వేసిన లెక్కలో ఆ గీత 18.6 దగ్గర వుంది. మన 16.4 మొదటి పట్టికలో సిరోసిస్, రెండో పట్టికలో కాదు. అంకె అదే, కాలేయం అదే. ఏ పట్టికతో చూశారో రాయకుండా ఎఫ్ 4 అని నల్లటి అక్షరాలు కొట్టి యింటికి పంపే స్కానింగు వారిని చూస్తే నాకు కోపమే వస్తుంది. ఆ నాలుగో అంకె ఒక ఆడపిల్లను ఎన్ని రాత్రులు ఏడిపించిందో వారికేం తెలుసు?

విజయవాడ కాగితానికి వద్దాం. అల్ట్రాసౌండు అంటే కాలేయానికి తీసిన బొమ్మ. దాన్ని కంటితో చూసి చెప్పాలి. కొవ్వు పట్టిన కాలేయం తెల్లగా మెరుస్తుంది. పక్కనున్న మూత్రపిండంతో పోల్చి ఒకటో తరగతి, రెండో తరగతి అంటారు. చూసే కన్ను మారితే తరగతి మారవచ్చు. తాగుడువల్ల చేరిన కొవ్వు, తాగుడు ఆగితే కొద్ది వారాల్లోనే కరగడం మొదలెడుతుంది. అందుచేత ఆరు వారాలకు కాలేయం మామూలు సైజుకు రావడంలో వింత లేదు. మరి కొత్తగా వచ్చిన ఆ ‘గరుకు’ ఏమిటి? కొవ్వు దట్టంగా వున్నప్పుడు ధ్వని లోపలికంటా పోలేదు, లోతున వున్నది సరిగా కనబడదు. కొవ్వు తగ్గాక కనబడే పోత అదివరకే వున్నది కావచ్చు. చూసినవారి మాటతీరూ కావచ్చు. ఒంటరిగా ఆ ఒక్క మాటను పట్టుకుని బెంగపడనక్కరలేదు, కొట్టిపారెయ్యనూ కూడదు అన్నాడు డాక్టరు. దానికి తోడు ప్లీహం పెరిగిందా – మన పల్లెల్లో కడుపులో బల్ల అంటారే, అది – పొట్టలో నీరు చేరిందా, రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గాయా అన్నవి చూడాలి. ఈయనకు బల్లా లేదు, నీరూ లేదు.

హైదరాబాదు యంత్రం చూపిన కొవ్వు? అల్ట్రాసౌండు కంటికి కొవ్వు ఆనాలంటే కాలేయంలో సుమారు నాలుగోవంతు కణాలకైనా అది పట్టి వుండాలి. అంతకు తగ్గితే తరచు తప్పిపోతుంది. ఫైబ్రోస్కాన్ కొవ్వును 100నుంచి 400దాకా వున్న వేరే కొలతతో చెబుతుంది; కొంచెమున్నా పసికడుతుంది. కనక ‘లేదు’ అన్నవారూ, ‘262’ అన్నవారూ యిద్దరూ తప్పనక్కరలేదు. పైగా దీని వెనక యింకో కథ వుంది. డాక్టరు ఆయన నడుం చుట్టుకొలత చూసి, ‘సాయంకాలం సీసా బదులు ఏం తీసుకుంటున్నారు?’ అని అడిగాడు. భార్య తల వంచుకుని నవ్వింది. తాగుడు మానిన నాటినుంచి మనిషికి తీపి మీద మనసు పోయింది. పూతరేకులు, కాజాలు, రాత్రి పడుకోబోయే ముందు పాలలో నాలుగు చెంచాల పంచదార. మానినవారిలో యిది మామూలే. సారా కొవ్వు వెళ్ళిన వాకిట్లోంచి పంచదార కొవ్వు లోపలికి వస్తుంది. 2023లో పెద్ద వైద్యులంతా చేరి కొవ్వు కాలేయానికి పేర్లు మార్చినప్పుడు, చక్కెర, పొట్టలవల్ల వచ్చేదానికి ఒక పేరూ, అదీ తాగుడూ రెండూ కలిసినదానికి వేరే పేరూ పెట్టారు. ఆ రెండో రకం మనవాళ్ళలో తక్కువేం కాదు.

రక్తపరీక్షలకు కూడా కాలం లెక్క వుంది. జీజీటీ అనే ఎంజైము మానిన కొన్ని వారాల్లో దిగుతుంది. తాగుడు ఎర్ర రక్తకణాలను లావెక్కిస్తుంది. ఒక్కొక్క కణం ఆయుస్సు 120 రోజులు కనక ఆ లావు పోవడానికి మూడు నాలుగు నెలలు కావాలి. ప్లేట్‌లెట్లను తాగుడే అణచి పెడుతుంది. మానాక వారం పది రోజుల్లో లేస్తాయి. వయస్సు, ఎంజైములు, ప్లేట్‌లెట్లు కలిపి వేసే ఫిబ్ 4 అనే లెక్క ఒకటి వుంది. 1.3 లోపుంటే ముదిరిన మచ్చలు వుండకపోవచ్చునంటారు, 2.67 దాటితే అనుమానిస్తారు. ఈయనకు ఆషాఢంలో ప్లేట్‌లెట్లు లక్షా ముప్ఫైవేలు, లెక్క 5.1 వచ్చింది. దసరాకు ఏఎస్‌టీ 32, ఏఎల్‌టీ 30, ప్లేట్‌లెట్లు లక్షా తొంభైయెనిమిది వేలు, లెక్క 1.36కు దిగింది. మూడు నెలల్లో మచ్చలు అంత కరగవు. మచ్చలు కరిగితే సంవత్సరాల్లో కరుగుతాయి, అవీ కొంతవరకు. దిగింది వాపు, మంట.

ఇంత విన్నాక ఆయన, నేను అనుకున్న ప్రశ్నే అడిగాడు. ‘అయితే డాక్టరుగారూ, నాకు సిరోసిస్ లేనట్టే కదా. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఒక్క గుక్క... అలవాటుగా కాదండి.’

భార్య నా వంక చూసింది. డాక్టరు కోపగించుకోలేదు. గుంటూరు కాగితాన్నీ హైదరాబాదు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, ‘పదహారున్నరలోంచి తొమ్మిది తీసెయ్యండి. ఎంత?’ అన్నాడు.

‘ఏడున్నర.’

‘ఆ ఏడున్నరా మచ్చ కాదు. మీరు రోజూ సాయంకాలం పోసి పెంచిన మంట. మందు నేనేమీ యివ్వలేదు. పోయడం ఆపారు, తగ్గింది. మళ్ళీ పోస్తే మళ్ళీ పెరుగుతుంది; పెరిగిన మంటే మచ్చలు కడుతుంది. మీరు మంచి రిపోర్టు అనుకుంటున్నారే, ఆ రిపోర్టు చెప్పేది యిది. ఇక మిగిలిన తొమ్మిది వుంది చూశారూ, మామూలు మనిషికి అయిదు ప్రాంతంలో వుంటుంది. ఎనిమిది లోపుంటే ముదిరిన మచ్చల భయం లేదంటాం. మీరింకా ఆ గీత దాటే వున్నారు. పది లోపు కనక, వేరే చిహ్నాలు లేవు కనక సిరోసిస్ అనను. ఏమీ లేదని కూడా అనను. మచ్చ పడటం మొదలైన కాలేయానికి ఒక్క గుక్క మంచిదనే లెక్క నా దగ్గర లేదు.’

అంటే యీ రెండు కాగితాల్లో ఏది నిజం అని తేల్చుకోవడం కాదు కావలసింది. ఆ రెండింటి మధ్య వున్న తేడా – అదే ఆయన కాలేయం గురించి అందరికన్నా స్పష్టంగా మాట్లాడింది. దాన్ని ఏ స్కానింగు వారూ అచ్చువేసి యివ్వరు.

బయటికి వస్తూ ఆవిడ డాక్టరును ఒక్కమాట అడిగింది. ‘మొదటి రిపోర్టే నిజమని చెప్పి వుంటే మంచిది కాదండీ?’ ఆయన కొంచెంసేపు ఆలోచించి, ‘అమ్మా, భయం పెట్టడానికి నేను అబద్ధం ఆడితే, అది అబద్ధమని తెలిసిన రోజున ఆయన సీసా దగ్గరకే వెళతారు. తరవాత నేను చెప్పే నిజం కూడా వినరు’ అన్నాడు. ఆవిడ తలవూపింది. పూర్తిగా సమాధానపడిందని నేననుకోను. మూడు నెలలుగా ఒక కాగితాన్ని నమ్ముకుని నిద్రపోయిన మనిషి ఆవిడ.

అందరి కథా యిలాగే మంచివైపు తిరగదు. నెలలు గడిచినా అంకె 15 దాటి అక్కడే నిలిచిపోయేవారు వున్నారు. అప్పుడు అది వాపు కాదు, మచ్చే అయివుండే అవకాశం చాలా ఎక్కువ. అటువంటివారికి కొవ్వు కరిగిందన్న రిపోర్టు కూడా శుభవార్త కాకపోవచ్చు. సిరోసిస్ ముదిరేకొద్దీ కాలేయంలో కొవ్వు తనంతట తానే తగ్గుతుంది. అల్ట్రాసౌండులో అంతా మామూలే అని వచ్చినా తొలి సిరోసిస్ లోపల వుండవచ్చు. తాగుడు మానితే వారికీ ఆయుస్సు పెరుగుతుంది, అందులో సందేహం లేదు. కాని మానేశాం కదా అని స్కానింగు మానకూడదు. సిరోసిస్ వున్నవారు కాన్సరు కనిపెట్టడం కోసం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండు తీయించుకుంటూ వుండాలి.

ఇంకొక్క మాట కషాయాల గురించి. తాగుడు మానినవాడి యింటికి వచ్చే ప్రతి చుట్టమూ ఒక ఆకు పేరు చెప్పి వెళతాడు. 2020 – 21 కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్నవారి వివరాలు మన దేశపు డాక్టర్లే ప్రచురించారు. ఆకు తాగి ఎంజైములు పెరిగితే, ఆ యింటాయన దొంగతనంగా సారా తాగుతున్నాడని అనుమానపడే ప్రమాదం కూడా వుంది. ఏం మింగినా డాక్టరుకు చెప్పి మింగడం మేలు.

డాక్టరుగారు వెళ్ళేటప్పుడు హెపటైటిస్ బి, సి పరీక్షలు రాసిచ్చాడు. రెండూ లేవని వచ్చింది. బి టీకా మొదలుపెట్టారు. ఆవిడ నాలుగణాల పుస్తకంలాటిది ఒకటి కొని గీతలు గీసింది. తేదీ, వూరు, యంత్రం పేరు, పరగడుపా కాదా, గట్టితనం, కొవ్వు, ప్లేట్‌లెట్లు, ఆఖరుసారి తాగి ఎన్నాళ్ళయింది. ఈ ఆఖరి గడి ఆయన చేత్తోనే రాయాలని కూతురు పట్టుపట్టింది. మొదటి మూడు వరసలూ నిండాయి. పాలలో పంచదార ఒక చెంచాకు దిగింది. తరవాతి పరీక్ష సంక్రాంతి వెళ్ళాక, అదే హైదరాబాదులో, అదే యంత్రం మీద, పొద్దున్నే పరగడుపున.